ఎర్త్ లేని ఇంటికి కరెంటు కారు

సాకెట్ లోపల న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య రెండంగుళాల వైరు ముక్క బిగించి, ఆ ఇంటికి ఎర్త్ ఉందని కారును నమ్మించారు. కారు నమ్మింది. ఇంటివాళ్ళు నమ్మారు. ఐదో రోజు పొద్దున ఆ ఇంటావిడ తడి కాళ్ళతో వచ్చి కారు తలుపు మీద చెయ్యి వేసింది.

ఎవరో చెప్తే విని రాస్తున్నది కాదు ఇది. ఆ సాకెట్ మూత విప్పింది నేను. ఆ ముక్కను బయటికి లాగింది నేను. ఇది రాస్తున్న బల్ల మీదే, అగ్గిపెట్టెలో, అది ఇంకా ఉంది.

నా పేరు రాజయ్య. డెబ్బై రెండేళ్ళు. భద్రాచలం నుంచి పర్ణశాల పోయే రోడ్డు మీద నలభై ఏళ్ళకు పైగా షాపు నడిపాను. బ్యాటరీలు, డైనమోలు, మోటారు వైండింగు, ఇళ్ళ వైరింగు, కరెంటుతో నడిచేది ఏదైనా నా పనే. బడిలో ఐదు దాకా చదివాను. ఇంగ్లీషు మాత్రం బ్యాటరీ డబ్బాల మీది అచ్చు చూసి, డిక్షనరీ పక్కన పెట్టుకుని నేర్చుకున్నాను. కంపెనీ పుస్తకం చేతికొస్తే మొదటి పేజీ నుంచి చివరి దాకా చదివేదాకా నాకు నిద్ర పట్టదు. ఏ ఊళ్ళో ఏ మోటారు ఎప్పుడు కాలిందో నా దగ్గర లెక్క పుస్తకం లేదు, తలకాయలోనే ఉంటుంది. ఈ మాట గర్వంగానే చెప్తున్నాను. చివరికొచ్చేసరికి ఆ గర్వం ఎంత మిగులుతుందో మీరే చూడండి.

పోయినేడు తొలకరి ముందు మార్తమ్మ షాపుకొచ్చింది. ఆమె అడవి దిక్కు ఊళ్ళకు టీకాల డబ్బా భుజానేసుకుని తిరిగే ఆరోగ్య కార్యకర్త. ఆ ముందటి వానాకాలం వాగు దగ్గర స్కూటర్ జారి పడితే మోకాలికి స్క్రూలు వేశారు. ఇక స్కూటర్ ఎక్కవద్దని డాక్టరు చెప్పాడు. బస్సు మెయిన్ రోడ్డు మీదే పోతుంది. లోపలి ఊళ్ళకు పోదు. సొంత బండి లేకపోతే ఫీల్డ్ పని వదులుకుని, ఆఫీసులో కుర్చీ పని కావాలని నెలాఖరులోగా కాగితం రాసివ్వాలి. ఉద్యోగం ఇంకా నాలుగేళ్ళు ఉంది.

"కుర్చీల కూసుంటే నేను సస్త బాబాయ్," అంది. "షోరూమోళ్ళు కరెంటు కారు పది రోజులు వాడి చూడమని ఇస్తున్రు. మా సారేమో పెట్రోలు కారే మంచిదంటడు. నువ్వు చూసి చెప్పు. నువ్వు సరే అంటే తీసుకుంట, వద్దంటే కాగితం రాసిస్త."

సారు అంటే ఆమె భర్త జోసెఫ్. మిషన్ బడిలో పంతులు. ఆయన పెట్రోలు కారు అన్నాడు కానీ వాళ్ళ ఊరికి దగ్గరి బంకే పాతిక కిలోమీటర్లు. లోపలి ఊళ్ళలో కిరాణా కొట్టు ముందు సీసాల్లో అమ్మే పెట్రోలు పోయించుకున్న బండ్లు ఎన్ని నా షాపుకొచ్చాయో నాకు తెలుసు. కార్బొరేటర్ విప్పితే పెట్రోలుతో పాటు బోరు నీళ్ళూ వచ్చేవి.

కారు వచ్చిన రోజు, షోరూం ఎలక్ట్రిషన్ వచ్చి ఛార్జింగ్ సాకెట్ పెట్టిన రోజు, రెండూ ఒకటే. ఆ రోజు నేను కల్లూరులో మా చుట్టాల పెళ్ళిలో ఉన్నాను. మర్నాడు వెళ్ళేసరికి గోడకు కొత్త సాకెట్, దానికి వేలాడుతూ ఛార్జర్ పెట్టె, పెట్టె మీద పచ్చ లైటు. ఆ పెట్టెకు ఒక తెలివి ఉంది. ఇంటికి ఎర్త్ ఉందో లేదో ముందు తనే చూసుకుంటుంది. లేకపోతే ఎర్రలైటు వేసి కారుకి కరెంటు పంపదు. పచ్చగా ఉంది కదా, నేను తృప్తి పడ్డాను. ఈ తప్పు నాది. రాసి పెట్టుకోండి.

ఆ ఇంటి వైరింగు ఎవరిది అనుకున్నారు? ఆ ఇల్లు కట్టినప్పుడు నేను చేసిందే.

"నిన్న వచ్చినాయన పని నీట్‌గ చేసిండు బాబాయ్," అన్నాడు జోసెఫ్ సారు. "ఇంటి వైరింగు ఎవరిది అనడిగిండు. నీ పేరు చెప్పిన. నవ్విండు."

"ఎందుకు నవ్విండు?"

"నాకేం తెల్వదు. నవ్వి పన్లబడ్డడు."

నాకు ఒళ్ళు మండింది. నా వైరింగు చూసి నవ్వడానికి వాడెవడు?

రెండు రోజులు మార్తమ్మ పక్కన కూర్చుని తిరిగాను. ఒక నోటుబుక్కు తీసుకుని ఊరూరికీ బ్యాటరీ ఎంత శాతం మిగిలిందో రాసుకున్నాను. రేంజ్ అంటే ఒక్కసారి ఛార్జ్ చేస్తే బండి పోయే దూరం. షోరూం వాళ్ళు చెప్పిన రేంజ్ నేను నమ్మను. వాళ్ళ లెక్క తారు రోడ్డుది. మనది గుంతలు, ఎత్తులు, ఎండకు ఏసీ. ఫారెస్టు చెక్‌పోస్ట్ దగ్గర గార్డు కారు చుట్టూ తిరిగి చూసి, "రేంజ్ ఎంతమ్మా?" అన్నాడు.

"రెండొందల కిలోమీటర్లంటున్రు అన్నా."

"అబ్బో. మా రేంజరు సారు రేంజే గంత లేదు," అన్నాడు.

పొద్దున నిండుగా బయల్దేరితే ఆమె తిరగాల్సిన ఊళ్ళన్నీ తిరిగి సాయంత్రం ఇంటికొచ్చేసరికి సగం కంటే ఎక్కువే మిగిలింది. అడుగున బ్యాటరీ ఉంటుంది కాబట్టి వాగుల మీది లో లెవెల్ చప్టాల దగ్గర దిగి నీళ్ళు కొలిచి చూశాను. రాయి తగిలేచోట పక్కకు తిప్పించాను. స్టెప్నీ లేదు. గాలి కొట్టే మిషనూ పంక్చర్ జిగురూ ఇచ్చారు. ఈ రోడ్లలో అది చాలదు, ఒక చక్రం కొనుక్కోవాలని రాసుకున్నాను.

నా నోటుబుక్కులో పట్టనిది ఒకటి మొదటి ఊళ్ళోనే ఎదురైంది. చింతచెట్టు కింద కారు ఆపితే ఒక్క తల్లి కూడా బయటికి రాలేదు. మామూలుగా మార్తమ్మ స్కూటర్ చప్పుడు మలుపు దగ్గర వినబడగానే పిల్లల్ని చంకనేసుకుని వచ్చేవారట. ఈ కారుకి చప్పుడే లేదు. మార్తమ్మ వాళ్ళ భాషలో రెండు కేకలేస్తే ఒక ముసలమ్మ గుడిసెలోంచి వచ్చి తెలుగులో దులిపింది.

"దొంగలెక్క వచ్చినవేంది సిస్టరమ్మా? గిట్ల సప్పుడు లేకుంట వస్తే కోడిపిల్లలెట్ల తప్పుకుంటయ్?"

"ఇగ నుంచి హారన్ కొడుత అవ్వా."

"హారన్ కొడితే ఫారెస్టోళ్ళ జీపనుకోని ఉన్నోళ్ళు గూడ అడివిల వడతరు."

మేమిద్దరం నవ్వుకుంటూ వచ్చాం. రెండో రోజు జోసెఫ్ సారు బడిలోని పాత ఇత్తడి గంట ఇచ్చాడు. మార్తమ్మ కిటికీలోంచి గంట కొడితే తల్లులు వచ్చారు. అప్పటికి నేను సగం ఒప్పుకున్నట్టే. ఇంకో రెండు రోజులు ఒక్కదానివే తిప్పు, ఆ తర్వాత మాట చెప్తా అన్నాను.

ఐదో రోజు తెల్లవారుజామున గాలివాన వచ్చింది. ఏడింటికి వాన తగ్గింది. నా ఫోన్ మోగింది. జోసెఫ్ సారు.

"బాబాయ్, కరెంటు లేదు. కానీ కరెంటు కొట్టింది."

"ఎవరికి?"

"మార్తకు. కారు ముట్టుకుంటే ఇసిరికొట్టింది. బతికే ఉన్నది. జల్దీ రా."

"ఎవ్వర్నీ కారు దగ్గరికి పోనియ్యకు. నువ్వూ పోకు," అని మోపెడ్ తీశాను. ఆరు కిలోమీటర్లు ఎలా పోయానో తెలియదు.

మార్తమ్మ వరండాలో గోడకు ఆనుకుని కూర్చుంది. కుడి చేతి వేళ్ళ కొసలు తెల్లగా పొంగి ఉన్నాయి. మోచెయ్యి చెక్కుకుపోయింది. పడ్డప్పుడు ఆ స్క్రూల కాలు కింద పడలేదు, అది అదృష్టం. టీకాల డబ్బా కారుకి దూరంగా బోర్లా పడి ఉంది.

"ఫ్యాన్ ఆగింది బాబాయ్. బుగ్గలు పోయినయ్," అంది మెల్లగా. మా దగ్గర బల్బును బుగ్గ అంటారు. "కరెంటు పోయిందనుకున్న. ఛార్జర్ ఇంక కారుకే పెట్టి ఉన్నది. డబ్బా లోపల పెట్టి బయల్దేరుదామని తలుపు పట్టుకున్న. గంతే."

నా దగ్గర టెస్ట్ ల్యాంప్ అని ఒకటుంటుంది. రెండు పొడుగాటి వైర్లు కట్టిన మామూలు బుగ్గ. ఒక వైరును పెరట్లో బోరు పైపుకి కట్టాను. రబ్బరు చెప్పులతో పొడి చెక్క మీద నిలబడి రెండో వైరు కారు తలుపుకి ఆనించాను.

ఇంట్లో ఫ్యాన్ తిరగడం లేదు. ఫ్రిజ్ చప్పుడు లేదు. ఛార్జర్ పెట్టె మీద ఏ లైటూ లేదు. నా చేతిలో బుగ్గ వెలిగింది.

ఈ వృత్తిలో నేను చూడనిది లేదు అనుకునేవాణ్ణి. మోటార్లు పేలడం చూశాను, స్తంభం మీద మనిషి వేలాడటం చూశాను. పట్టపగలు, కరెంటు పోయిన ఇంట్లో, నిలబెట్టిన కారులోంచి బుగ్గ వెలగడం మాత్రం ఎప్పుడూ చూడలేదు. మెయిన్ దింపించాను. బుగ్గ ఆరిపోయింది. అప్పుడు సాకెట్ మూత విప్పాను.

ముక్క కనపడింది. ఆకుపచ్చ వైరు. రెండు కొసలూ రెండేసి మడతలు పెట్టి స్క్రూ కింద గట్టిగా బిగించి ఉన్నాయి. ఒక్క రాగి పోగు కూడా బయటికి లేదు. పని తెలియని వాడు చేసింది కాదు. అదే నాకు ఎక్కువ కోపం తెప్పించింది.

తెలియని వాళ్ళ కోసం చెప్తాను. ఇంట్లోకి వచ్చే కరెంటు దారి ఫేజ్. పని చేశాక తిరిగిపోయే దారి న్యూట్రల్. మూడోది ఎర్త్. దానికి మామూలు రోజుల్లో పని ఉండదు. ఎక్కడైనా కరెంటు దారి తప్పి ఇనుములోకి వస్తే దాన్ని భూమిలోకి పంపడానికి కాపలా ఉంటుంది. ఎర్త్ లేని చోట న్యూట్రల్ నుంచి ఒక ముక్క ఇస్తే ఛార్జర్ పెట్టె మోసపోతుంది, పచ్చ లైటు వస్తుంది. అంతా బాగున్నన్ని రోజులు ఏమీ కాదు. ఆ పొద్దున గాలికి స్తంభం మీద న్యూట్రల్ తెగింది. ఫేజ్ తెగలేదు. అది ఇంట్లోకి వచ్చి, ఫ్యాన్లోంచి ఫ్రిజ్‌లోంచి నడిచి న్యూట్రల్ వైరులోకి వచ్చి, తిరిగిపోయే దారి లేక నిలబడింది. ఇంట్లో అన్నీ ఆగిపోయాయి కనక జనం కరెంటు పోయిందనుకున్నారు. అలా నిలబడ్డ కరెంటుకి ఆ ముక్క ఎర్త్ వైరులోకి, అక్కణ్ణుంచి కారులోకి దారి చూపింది. ఛార్జర్ పెట్టె మిగతా రెండు వైర్లనూ కట్ చేస్తుంది, ఎర్త్‌ను మాత్రం ఎన్నడూ కట్ చెయ్యదు. కాపాడే వైరని దాని నమ్మకం. కారు రబ్బరు టైర్ల మీద ఉంది కాబట్టి నేలలోకి దిగదు. ఒళ్ళంతా కరెంటు పెట్టుకుని మార్తమ్మ చెయ్యి కోసం ఎదురుచూసింది.

సరే, మరి నేను పెట్టిన ఎర్త్ ఏమైంది? ఆ ఇల్లు కట్టినప్పుడు పెరటి మూల గుంత తవ్వి, బొగ్గు, ఉప్పు పోసి ఇనప పైపు దించాను. అంట్లు తోమిన నీళ్ళు ఆ గుంతలోకే పోయేట్టు కాలవ తీయించాను. ఎండాకాలం కూడా తడి ఆరేది కాదు. ఇప్పుడు ఆ మూల చూస్తే తెల్లగా, నున్నగా సిమెంటు.

"సారూ, నా పైపేది?"

జోసెఫ్ సారు సిమెంటు వైపు చూశాడు, నా వైపు చూడలేదు. "కారు మంచిగ నిలబడాలెనని జాగ చదును చేయించిన. మేస్త్రీ ఏమన్నడంటే, తుప్పు పట్టిన పైపు, టైరుకు తగుల్తది, కోసేద్దామన్నడు."

"కోసిండా?"

"కోసిండు."

కారు కోసం జాగా చేసి, ఆ కారును కాపాడే పైపునే కోశారు.

"మరి ఎలక్ట్రిషన్ వచ్చిన నాడు ఎర్రలైటు రాలేదా?"

"వచ్చింది. ఎర్త్ లేదు సారూ, తవ్వాలె అన్నడు. కొత్త సిమెంటు, మూడు రోజులే అయింది, వేరే దారి లేదా అన్న. ఉన్నది అన్నడు. ఐదు నిమిషాల్ల పచ్చ లైటు వచ్చింది."

మార్తమ్మ వరండాలోంచి వింటోంది. "అయితే మీరిద్దరు కలిసి సిమెంటును బతికిచ్చిండ్రన్నట్టు," అంది.

ఆయన మొహం చూస్తే నాకే జాలేసింది. "గీ కారొద్దు మార్తా. ఇయ్యాల్నే వాపస్ పంపిద్దాం. ఆఫీసు కాగితం రాసియ్యి."

ఆమె కాలిన చేతిని ఒళ్ళో పెట్టుకుని నా వైపు తిరిగింది. "బాబాయ్, నేను నిన్ను అడిగింది ఒకటే. ఈ కారు నాకు పనికొస్తదా, రాదా? భయం సంగతి నేను చూసుకుంట. నువ్వు పని సంగతి చెప్పు."

ముట్టుకుంటే విసిరికొట్టిన బండి గురించి అలా అడిగిన మనిషికి అబద్ధం చెప్పలేను. నిజం చెప్పడం అంతకంటే కష్టం. సరే అన్నాక ఇంకోసారి ఏమైనా అయితే ఆ మాట నాది.

"కారు పనికొస్తది," అన్నాను. "ఇల్లే పనికిరాదు. ముందు దాన్ని బాగు చెయ్యాలె."

ముందు లైన్‌మన్ వచ్చి స్తంభం మీద న్యూట్రల్ కలిపాడు. జోసెఫ్ సారు ఎవర్నీ పిలవనివ్వలేదు. గడ్డపార తెచ్చి తన సిమెంటును తనే పగలగొట్టాడు. బొబ్బలెక్కాయి, ఆపమన్నా ఆపలేదు. కొత్త పైపు దించాం, బొగ్గు, ఉప్పు పోశాం, బోరు నీళ్ళు పట్టాం. సాకెట్లో ముక్క లేకుండా ఛార్జర్ పెట్టాను. కొత్త పైపుకి వైరు కలపకముందు ఎర్రలైటు. కలిపాక పచ్చ. ఆ పచ్చ నిజమైన పచ్చ. మార్తమ్మ లేచొచ్చి ఎడమ చెయ్యి కారు తలుపు మీద పెట్టి చాలాసేపు తియ్యలేదు. నెలాఖరు కాగితం ఆమె రాయలేదు. కారు కొంది, స్టెప్నీ కూడా కొంది. వారానికి ఐదు రోజులు గంట కొట్టుకుంటూ తిరుగుతోంది.

కరెంటు కారు పల్లెకు పనికొస్తుందా అని ఇప్పుడు వారానికి ఇద్దరు ముగ్గురు అడుగుతున్నారు నన్ను. ఎర్రుపాలెం నుంచి కూడా ఒకాయన ఫోన్ చేశాడు. అందరూ రేంజ్ గురించే అడుగుతారు. నేను వాళ్ళను ఎదురు అడుగుతాను. మీ ఇంటి ఎర్త్ పైపు ఎక్కడుందో చూపించగలరా? దానికి చివరిసారి నీళ్ళు ఎవరు పోశారు? రోజుకి ఎన్ని కిలోమీటర్లు తిరుగుతారన్నది ఆ తర్వాతి మాట. సాకెట్ పెట్టి పోయినవాడి చేత మీ కళ్ళ ముందే మూత విప్పించి చూడండి. లైటు పచ్చగా ఉందని ఊరుకోవద్దు. నలభై ఏళ్ళ పనివాణ్ణి, నేనే ఊరుకున్నాను.

నా కోపం మాత్రం చల్లారలేదు. షోరూంకి ఉత్తరం రాశాను. జవాబు లేదు. ఇంకోటి రాశాను. ఒకమ్మాయి ఫోన్ చేసి, "సర్, మీ కంప్లయింట్ క్లోజ్ చేశాం. గ్రీన్ లైట్ వస్తోంది కదా సర్?" అంది. ఆ పచ్చ లైటే కదమ్మా అబద్ధం అని అరగంట చెప్పాను. హ్యావ్ ఎ గుడ్ డే సర్ అని ఫోన్ పెట్టేసింది. మూడో ఉత్తరంలో వేరే ఏమీ అడగలేదు. ఒకటే అడిగాను. మీ ఎలక్ట్రిషన్‌కి ఈ పని నేర్పిన ఉస్తాద్ ఎవడు? మనిషి ప్రాణం కంటే పచ్చ లైటు ముఖ్యమని నేర్పినవాడి పేరు రాసి పంపండి, నేను పోయి వాణ్ణి నలుగురిలో నిలబెట్టి అడుగుతాను అని రాశాను.

ఇరవై రోజులకు జవాబు వచ్చింది. కంపెనీ నుంచి కాదు, నా ఫోన్‌కి, ఆ ఎలక్ట్రిషన్ దగ్గర్నుంచి. ఒక్క అక్షరం మార్చకుండా ఇక్కడ రాస్తున్నాను.

"ఉస్తాద్, నమస్తే. నేను సుధాకర్‌ని. మీ షాపుల ఆరేండ్లు పనిచేసినోన్ని. మీ ఉత్తరం షోరూమోళ్ళు నా చేతుల పెట్టిండ్రు. తప్పు నాదే. మొన్న మార్తమ్మ ఇంటికి పోయి ఆమె ముందట ఒప్పుకున్న. మీరు పేరు అడిగిండ్రు కాబట్టి చెప్తున్న. మీరే. జిరాక్స్ షాపుల కొత్త కంప్యూటర్లు పెట్టిన నాడు కంపెనీ ఇంజనీరు మీటరుతోటి ఎర్త్ చూస్తడని, ఆయన టీ తాగనీకి పోయినప్పుడు న్యూట్రల్ నుంచి ముక్క ఏపిచ్చింది నాతోనే. 'కొసలు రెండు మడతలు పెట్టు, ఇంజనీరు ఊకుంటే గిరాకీ ఊకుంటది' అన్నరు. ఇంటి వైరింగు మీదని సారు చెప్తే అదే యాదికొచ్చి నవ్విన. ఇప్పుడు నవ్వొస్తలేదు. నిన్న ఆ జిరాక్స్ షాపుకు పోయిన. ముక్క ఇంక అట్లనే ఉన్నది. తీసేసి, ఎర్త్ పెట్టిచ్చి వచ్చిన. ఇంక ఎక్కడెక్కడ ఏసినమో నాకు యాదికి లేదు ఉస్తాద్. మీకు అన్ని యాదికుంటయ్. ఊర్ల పేర్లు చెప్పుండ్రి, రాసుకుంట."